ఒక్క మాత్ర, మూడు మందులు, ఎన్నో ట్యూబులు: హెచ్‌ఐవీ పరిశోధనపై మీ ప్రశ్నలు

హెచ్‌ఐవీని మాలిక్యులర్ స్థాయిలో చదివేవాళ్లు రోజంతా ఏం చేస్తారు, ఆ దారిలోకి మన పిల్లలు ఎలా వెళ్లాలి అని అడుగుతూ విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. పేరు వేయవద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. హెచ్‌ఐవీ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంట్లో అందరికీ భయంగా ఉంది. ల్యాబ్‌లో ఆ వైరస్ అంటుకోదా?
(ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: మీ భయం అర్థమైందమ్మా. అయితే ఈ పరిశోధన చేసేవాళ్లందరూ రోజూ అసలు వైరస్‌తోనే పనిచేస్తారనుకోవద్దు. హెచ్‌ఐవీ జన్యుపదార్థం సుమారు 9,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. అందులో ఉన్నవి 9 జన్యువులు. చాలా ప్రయోగాల్లో ఆ తొమ్మిదిలో ఒక్కదాన్నే తీసుకుంటారు. దాన్ని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో అతికించి, ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచి, దాని ప్రొటీన్‌ను విడిగా చదువుతారు. అందులో అంటుకునేదేమీ లేదు. దానికి పై మెట్టు సూడోవైరస్. దానికి హెచ్‌ఐవీ పైతొడుగు ఉంటుంది గానీ, మళ్లీ కొత్త తొడుగు తయారుచేసుకునే జన్యువు ఉండదు. ఒక్కసారి కణంలోకి దూరి అక్కడితో ఆగిపోతుంది. ఈ పని బీఎస్‌ఎల్-2 ల్యాబ్‌లో (జీవభద్రతలో రెండో మెట్టు) చేస్తారు.

అసలు వైరస్‌ను పెంచాలంటే బీఎస్‌ఎల్-3 ల్యాబ్ కావాలి. అక్కడ గది లోపలి గాలి ఒత్తిడిని బయటికన్నా తక్కువగా ఉంచుతారు. తలుపు తీసినా గాలి లోపలికే వస్తుంది, బయటికి పోయే గాలి సన్నటి కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ దాటి పోతుంది. రెండు జతల గ్లౌజులు, వెనక ముడివేసే గౌను, ఎన్-95 మాస్కు వేసుకోవాలి. శిక్షణ పూర్తిచేసి, సీనియర్ పక్కనుండగా చేసి చూపించాకే సొంతంగా పనిచేయనిస్తారు.

హెచ్‌ఐవీ గాలిలో రాదు, ముట్టుకుంటే రాదు. ల్యాబ్‌లో అసలు శత్రువులు సూది, పగిలిన గాజు. అందుకే వైరస్ పనిలో గాజు పిపెట్లు, సూదులు వీలైనంతవరకూ దగ్గరికి రానివ్వరు. ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ ఉన్న రక్తంతో సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం. ల్యాబ్‌లో పెంచిన వైరస్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉండొచ్చు కాబట్టి ఆ అంకె చూసి అజాగ్రత్త పడకూడదు. గుచ్చుకుంటే పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే పెప్ మందులు (వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా వాడేవి) మొదలుపెట్టాలి. 2 గంటల్లోపు అయితే మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. 28 రోజులు ఒక్క పూట కూడా మానకుండా వాడాలి.

వైరస్ ఒలికితే 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) వాడతారు. 5 శాతం ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే అది వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మన ఎండలకు క్లోరిన్ తొందరగా పోతుంది, నిన్నటి డబ్బాలో మిగిలేది వాసనే. బ్లీచ్ పోసిన వ్యర్థాన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) పెట్టకూడదు, విషవాయువు వస్తుంది. ఏ ల్యాబ్‌లో చేరబోయినా ముందు ఒక మాట అడగమనండి: "పెప్ మందులు ఎక్కడుంటాయి? ఆదివారం రాత్రి అవసరమైతే ఎవరిస్తారు?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పలేని ల్యాబ్‌లో చేరకపోవడమే మంచిది.

ప్రశ్న: నేను హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి రోజుకో టీఎల్‌డీ మాత్ర వాడుతున్నాను. మూడేళ్లుగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనిపించడం లేదు. అయినా మానవద్దంటున్నారు. ఆ ఒక్క మాత్ర లోపల ఏం చేస్తుంది? వైరస్ లేనప్పుడు ఎందుకు వాడాలి?
(పాఠకుడు, తెనాలి)

జవాబు: మీ మాత్రలో మూడు మందులున్నాయి. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50. మొదటి రెండూ వైరస్ చేసే ఒక పనిని ఆపితే, మూడోది ఆ తర్వాతి పనిని ఆపుతుంది.

వైరస్ మన రోగనిరోధక శక్తికి కావాల్సిన సీడీ4 అనే తెల్లకణంలోకి దూరగానే తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. అలా రాసే ఎంజైమ్ పేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా దీన్ని వేరే వైరస్‌లలో కనుక్కున్నారు. అప్పటికి హెచ్‌ఐవీ సంగతే ఎవరికీ తెలియదు. 1983లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటానియే బృందం ఒక రోగి లింఫ్ గ్రంథి కణాలను పెంచినప్పుడు, అందులో కొత్త వైరస్ ఉందని తెలిసింది ఈ ఎంజైమ్ పనిచేస్తున్న గుర్తు కనపడటంతోనే.

పూసలు గుచ్చినట్టు ఈ ఎంజైమ్ ఒక్కొక్క అక్షరాన్నే చేర్చుకుంటూ డీఎన్‌ఏ దండ కడుతుంది. టెనోఫోవిర్, లామివుడిన్ అచ్చం అసలు పూసల్లాగే ఉంటాయి గానీ రెండో వైపు కన్నం ఉండదు. ఒక్కటి దండలోకి వెళ్లిందంటే తర్వాతి పూస ఎక్కదు, దండ అక్కడితో ఆగిపోతుంది. దీన్ని కూడా తప్పించుకుని ఏదైనా డీఎన్‌ఏ పూర్తయితే, దాన్ని మన క్రోమోజోమ్‌లో అతికించడానికి ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ పనిచేసే గుంటలో రెండు మెగ్నీషియం అయాన్లుంటాయి. డోలుటెగ్రావిర్ వాటిని గట్టిగా పట్టుకుని అతుకు పడనివ్వదు.

ఈ మెగ్నీషియం సంగతి మీ వంటింటి దాకా వస్తుంది. గుండెల్లో మంటకు తాగే యాంటాసిడ్‌లో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. రెండూ ఒకేసారి వేసుకుంటే డోలుటెగ్రావిర్ కడుపులోనే ఆ లోహాన్ని పట్టుకుని రక్తంలోకి సరిగా ఎక్కదు. అందుకే యాంటాసిడ్ తాగడానికి 2 గంటల ముందు గానీ, తాగిన 6 గంటల తర్వాత గానీ మీ మాత్ర వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలదీ ఇదే వరస. అయితే భోజనంతో కలిపి వేసుకుంటే వాటితో ఇబ్బంది లేదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి, ఆ రెండో మోతాదు డాక్టరే రాస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. డోలుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్‌ను పెంచుతుంది కాబట్టి రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు.

ఇక ఎందుకు మానకూడదంటే, వైరల్ లోడ్ పరీక్ష చూసేది రక్తంలో తిరిగే వైరస్‌ను. క్రోమోజోమ్‌లో ఇప్పటికే అతుక్కుని నిద్రపోతున్న దాన్ని అది చూడలేదు. విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణాల్లో పది లక్షలకు ఒకటి చొప్పున అలాంటిది దాగి ఉంటుంది. పనిచేయని ఎంజైమ్‌ను మందు ఆపేదేముంటుంది? మందులు సక్రమంగా వాడుతున్నా ఈ దాగిన కణాలు సగానికి తగ్గడానికి దాదాపు 44 నెలలు పడుతుందని లెక్కగట్టారు. ఆ లెక్కన పూర్తిగా పోవడానికి ఒక జీవితకాలం చాలదు. మందు మానితే మాత్రం చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది.

మధ్యమధ్య మానేస్తే ఇంకా చేటు. చికిత్స లేని మనిషిలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ రాసింది సరిచూసుకోదు, సుమారు 30,000 అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. జన్యుపదార్థం పదివేల అక్షరాలు కదా, ప్రతి మూడు కొత్త కాపీల్లో ఒకదానిలో ఏదో ఒక మార్పు ఉంటుంది. ఆ ఎంజైమ్‌లో 184వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలిన్ చేరితే చాలు, లామివుడిన్ దాదాపు లొంగిపోతుంది. అలాంటి వైరస్ మందు తెలియని శరీరంలో కూడా ఎక్కడో ఒకటి పుడుతూనే ఉంటుంది. 1987లో ఒక్క ఏజెడ్‌టీ మందుతో మొదలైన చికిత్స నిలవకపోవడానికి, 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఈ లెక్కే. మూడింటినీ ఒకేసారి తప్పించుకునే మార్పులన్నీ ఒకే కాపీలో పడటం చాలా అరుదు. మీరు మాత్ర మానిన రోజుల్లో మందులు రక్తంలోంచి ఒకేసారి కాకుండా ముందొకటి, వెనకొకటిగా దిగిపోతాయి. వైరస్‌కు అదే సందు.

మీ వైరల్ లోడ్ ఇలాగే కనిపించకుండా నిలబడినంతకాలం మీ నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఇది పెద్ద అధ్యయనాల్లో రుజువైన సంగతి, మీ భార్యకు ధైర్యంగా చెప్పండి.

ప్రశ్న: హెచ్‌ఐవీలో ఒక్క ప్రొటీన్ మీదే పదిహేనేళ్లు పనిచేశారని విన్నాను. అంతకాలం ఏం చేస్తారు? క్లాసులో పిల్లలకు చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి.
(అధ్యాపకురాలు, మంగళగిరి)

జవాబు: విఫ్ ప్రొటీన్ చెప్పండి. 192 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. మాలిక్యులర్ వైరాలజిస్ట్ ఎలా ఆలోచిస్తాడో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మాకు కనపడలేదు.

విఫ్ జన్యువు తీసేస్తే వైరస్ అంటుకునే శక్తి పోతుందని 1987లో తెలిసింది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. విఫ్ లేని వైరస్ కొన్ని రకాల కణాల్లో హాయిగా పెరుగుతుంది, కొన్నింటిలో పెరగదు. సీఈఎం అనే టీ కణాల్లో పెరగదు, వాటి బంధువులే అయిన సీఈఎం-ఎస్‌ఎస్‌లో పెరుగుతుంది. దీనికి రెండు కారణాలు ఊహించవచ్చు. పెరిగే కణంలో వైరస్‌కు సాయం చేసేది ఏదో ఉండి ఉండాలి, లేదా పెరగని కణంలో అడ్డుపడేది ఏదో ఉండి ఉండాలి. ఏది నిజం?

బోర్డు మీద ఈ రెండూ రాసి, ప్రయోగం ఎలా చేస్తారో పిల్లలను అడగండి. 1998లో చేసింది ఇది: రెండు రకాల కణాలను కలిపి ఒకే కణంగా చేశారు. సాయం చేసేది ఉంటే కలిసిన కణంలో వైరస్ పెరగాలి. అడ్డుపడేది ఉంటే పెరగకూడదు. పెరగలేదు. అంటే మన కణంలోనే ఒక కాపలాదారు ఉన్నాడు, విఫ్ పని వాడిని తప్పించడం. అది ఎవరో తెలియడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. 2002లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆన్ షీహీ, మైకేల్ మాలిమ్ బృందం పెరగని కణంలో ఉండి, పెరిగే కణంలో లేని జన్యువుల కోసం వెతికి దాన్ని పట్టుకుంది. ఇప్పుడు దాని పేరు అపోబెక్-3జీ.

అది చేసే పని విచిత్రంగా ఉంటుంది. కాపలాదారు తానున్న కణంలో వైరస్‌ను ఆపడు. పుట్టే వైరస్ లోపల ఎక్కి కూర్చుని, అది తర్వాతి కణంలోకి వెళ్లి డీఎన్‌ఏ రాసుకునేటప్పుడు అందులోని సీ అక్షరాలను యూగా మార్చేస్తాడు. దాంతో రెండో పోగులో జీ ఉండాల్సిన చోటల్లా ఏ వచ్చి చేరుతుంది, జన్యువులు చదవడానికి పనికిరాకుండా పోతాయి. వైరస్ ఎక్కడ దెబ్బతింటున్నదో చూసి అక్కడే వెతికినవాళ్లకు జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. విషం పెట్టింది ఒక ఇంట్లో, పడిపోయింది పక్కింట్లో. విఫ్ ఏం చేస్తుందో 2003లో తేలింది. కణం తన చెత్త ప్రొటీన్లను తీసివేయడానికి వాడే యంత్రాన్ని పిలిచి అపోబెక్‌ను దానికి అప్పగిస్తుంది. విఫ్‌కు తోడుగా కణంలోని సీబీఎఫ్-బీటా కూడా ఉండాలని 2011 నాటికి గానీ తెలియలేదు.

ఇందులోంచి ఇంకా మందు రాలేదు. ఆ మాట కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. వేరే ప్రొటీన్‌లో మాత్రం వచ్చింది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ చుట్టూ ఉండే క్యాప్సిడ్ గూడు సుమారు 1,500 ప్రొటీన్ల కూర్పు. ఆరేసి కలిసిన ముక్కలు దాదాపు 250, ఐదేసి కలిసినవి సరిగ్గా 12. ఆ పన్నెండు ఐదు మూలల ముక్కలు లేకపోతే గూడు మూసుకోదు. ఆ గూడు మరీ వదులైనా, మరీ బిగుసుకున్నా వైరస్‌కు నష్టమే. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో వెస్లీ సండ్‌క్విస్ట్ లాంటివాళ్లు 1990లలో ఈ నిర్మాణం చదవడం మొదలుపెట్టినప్పుడు ఇది మందుకు దారి అని ఎవరూ హామీ ఇవ్వలేదు. గూడు ముక్కల మధ్య సందులో కూర్చునే లెనకాపవిర్‌ను 2022లో అమెరికాలో చికిత్సకు, 2025లో హెచ్‌ఐవీ సోకకుండా నివారణకు అనుమతించారు. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, ఏడాదికి రెండుసార్లు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సూడోవైరస్ తయారుచేస్తున్నాను. బ్యాక్‌బోన్ ప్లాస్మిడ్ (పైతొడుగు జన్యువు తప్ప మిగతా హెచ్‌ఐవీ జన్యువులున్నది) పెంచినప్పుడల్లా చిన్నదైపోతోంది. ఎలాగో వైరస్ చేస్తే టైటర్ (అంటుకునే వైరస్ ఎంతుందనే కొలత) రావడం లేదు. మే నెలలో అయితే మరీ అధ్వానం.
(విద్యార్థి, పెదకాకాని)

జవాబు: మూడింటికీ వేరువేరు కారణాలున్నాయి.

ముందు ప్లాస్మిడ్. హెచ్‌ఐవీ జన్యుపదార్థానికి రెండు చివరలా ఎల్‌టీఆర్ అనే ఒకే వరుస, 630 అక్షరాలకు పైగా, ఉంటుంది. బ్యాక్టీరియా ఈ రెండు ఒకేలాంటి చివరలను కలిపేసి మధ్యది వదిలేస్తుంది. మామూలు డీహెచ్5 ఆల్ఫా అనే ఈ.కోలై రకంలో 37 డిగ్రీల దగ్గర పెంచితే ఇది తరచూ జరుగుతుంది. ఎస్‌టీబీఎల్2 రకం గానీ, ఎస్‌టీబీఎల్3 రకం గానీ వాడండి, 30 డిగ్రీల దగ్గర పెంచండి, రాత్రి దాటి ఎక్కువసేపు వదలకండి. ప్లేటు మీద పెద్దగా, బలంగా ఉన్న కాలనీని తీసుకోవాలనిపిస్తుంది, అదే పొరపాటు. భారం వదిలించుకున్న బ్యాక్టీరియానే తొందరగా పెరుగుతుంది. చిన్న కాలనీలు నాలుగైదు తీసి, ప్రతి ప్రెప్‌నూ రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి జెల్ మీద చూశాకే వాడండి. పోయిన ఏడాది సీనియర్ చూసిన జెల్‌ను నమ్మకండి.

తర్వాత టైటర్. 10 సెంటీమీటర్ల డిష్‌లో ముందురోజు 30 నుంచి 40 లక్షల 293టీ కణాలు (మనిషి మూత్రపిండం నుంచి వచ్చినవి) వేయండి. మర్నాటికి 60 నుంచి 80 శాతం నిండాలి. ఎన్వ్ (పైతొడుగు జన్యువు) ప్లాస్మిడ్ 4 మైక్రోగ్రాములు, బ్యాక్‌బోన్ 8. డీఎన్‌ఏను కణంలోకి చేర్చే పీఈఐ, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామ్ ఉన్నది, 36 మైక్రోలీటర్లు. ఇవన్నీ సీరం లేని మీడియంలో కలిపి 15 నుంచి 20 నిమిషాలు ఆగి కణాల మీద వేయండి. సీరం ఉంటే డీఎన్‌ఏ, పీఈఐ సరిగా ముద్దకట్టవు. 6 నుంచి 8 గంటలకు మీడియం మార్చండి. ఈ కణాలు అడుక్కి గట్టిగా అంటుకోవు, డిష్ పక్క గోడ మీదుగా మెల్లగా పోయకపోతే పొరలుగా లేచిపోతాయి. లేచిపోయిన కణాలు తీసేసిన మీడియంతో సింక్‌లోకి పోతే మిగిలే వైరస్ ఎంత?

48 గంటలకు మీడియం తీసి, మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. 0.22 వాడకండి. వైరస్ వ్యాసం 0.1 మైక్రాన్ పైనే, కొంత అక్కడే చిక్కుకుంటుంది. నైట్రోసెల్యులోజ్ ఫిల్టర్ ప్రొటీన్‌ను పట్టేస్తుంది, పీఈఎస్ లాంటిది తీసుకోండి. సీరం 20 శాతానికి పెంచి చిన్న చిన్న వయల్స్‌లో మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు.

టైటర్ చూడటానికి టీజెడ్‌ఎం-బీఎల్ కణాలు (వైరస్ సోకితే వెలిగేలా మార్చినవి) ఒక్కో గుంటకు 10,000, వైరస్ ఐదేసి రెట్లు పలచన చేస్తూ నాలుగేసి గుంటల్లో, వైరస్ కణాలకు అంటడానికి డీఈఏఈ డెక్స్‌ట్రాన్ కలిపి, 48 గంటలకు లూసిఫరేజ్ వెలుగు కొలవండి. వైరస్ లోపల ట్యాట్ ప్రొటీన్ చేస్తేనే ఆ మిణుగురు ఎంజైమ్ వెలుగుతుంది. వైరస్ లేని గుంట కన్నా 2.5 రెట్లు వెలుగు వస్తేనే సోకినట్టు లెక్క.

ఇప్పుడు తప్పు ఎక్కడో పట్టే పద్ధతి. ఒకేరోజు మూడు డిష్‌లు పెట్టండి. మొదటి దాంట్లో మీ ఎన్వ్, రెండో దాంట్లో ఎన్వ్ బదులు వీఎస్‌వీ-జీ (దాదాపు ఏ కణంలోకైనా దూరే వేరే వైరస్ తొడుగు), మూడో దాంట్లో బ్యాక్‌బోన్ ఒక్కటే. వీఎస్‌వీ-జీ బాగా వెలిగి మీది వెలగకపోతే కణాలు, పీఈఐ, బ్యాక్‌బోన్ అన్నీ మంచివే, మీ ఎన్వ్ క్లోన్‌దే లోపం. రోగుల నుంచి తీసిన ఎన్వ్‌లలో పనిచేయనివి చాలా ఉంటాయి. మీ ఎన్వ్ ముక్కలో రెవ్ అనే ఇంకో హెచ్‌ఐవీ జన్యువు కూడా ఉందో లేదో చూడండి, రెవ్ లేకపోతే ఎన్వ్ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. వీఎస్‌వీ-జీ కూడా వెలగకపోతే మొదట మైకోప్లాస్మా (కణాల్లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. మీడియం మబ్బుపట్టదు, మైక్రోస్కోప్‌లో కనపడదు, కణాలు మాత్రం నీరసించిపోతాయి. నెలకోసారి ఈ పరీక్ష చేయని కల్చర్ గదిలో వచ్చిన ఏ అంకెనూ మేం నమ్మం. మూడో డిష్ వెలిగితే మరీ జాగ్రత్త, మీ ట్యూబుల్లో ఏదో కలిసింది.

ఇక మే నెల. కణాలు పెంచే మీ సీఓ2 ఇంక్యుబేటర్‌లో హీటర్ ఉంటుంది, చాలా మోడళ్లలో చల్లబరిచేది ఉండదు. గది 37 డిగ్రీల కన్నా కనీసం ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటేనే అది 37 దగ్గర నిలబడగలదు. కరెంటు పోతే ఇంక్యుబేటర్ యూపీఎస్ మీద నడుస్తుంది, ఏసీ ఆగిపోతుంది. రోహిణి కార్తెలో మూసిన గది ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు. డిస్‌ప్లేలో అంకె పైకి పోయి, ఏసీ వచ్చాక మళ్లీ 37 చూపిస్తుంది, పొద్దున వచ్చినవాళ్లకు ఏమీ తెలియదు. లోపల కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రత రాసే చిన్న థర్మామీటర్ పెట్టండి. ఆ గది ఏసీని జనరేటర్ లైన్ మీదకు మార్చమని అడగండి. లోపలి నీళ్ల ట్రే కూడా ఎండాకాలం తొందరగా ఇంకిపోతుంది. అది ఎండితే ప్లేటు అంచు గుంటల్లో మీడియం చిక్కబడి అంకెలు పక్కదారి పడతాయి.

ప్రశ్న: బీఎస్సీ తర్వాత హెచ్‌ఐవీ పరిశోధనలోకి వెళ్లాలంటే ఏ పరీక్షలు రాయాలి? మన దేశంలో ల్యాబ్‌లు ఎక్కడున్నాయి? ఖర్చు మేం పెట్టుకోలేం.
(డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఖర్చు గురించి దిగులు వద్దు. ఎమ్మెస్సీ దాటాక ఈ చదువుకు డబ్బు మీరు కట్టేది కాదు, మీకే ఇస్తారు. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, లైఫ్ సైన్సెస్‌లో ఏదైనా ఎమ్మెస్సీ చేయండి. ఏపీ పీజీసెట్ రాస్తే ఆచార్య నాగార్జున యూనివర్సిటీ దగ్గర్లోనే ఉంది. సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి దారి. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్. 3 గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 15 ప్రశ్నలకు 30, పార్ట్ బీలో 35కు 70, పార్ట్ సీలో 25కు 100. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. పార్ట్ సీలో అడిగేది జ్ఞాపకం కాదు, ప్రయోగ ఫలితం చూపించి దాని అర్థం అడుగుతారు. విఫ్ గురించి పైన రాసిన రెండు కణాల ప్రయోగం లాంటివే వస్తాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో)గా 42,000. ఇంటద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి మామూలుగా ఐదారేళ్లు పడుతుంది.

ఎమ్మెస్సీలో ఉండగానే మూడు సైన్స్ అకాడెమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేయవచ్చు. మన ప్రాంతం పిల్లలు మార్కులు బాగానే తెచ్చుకుంటారు గానీ పిపెట్ పట్టిన అలవాటు లేక ఇంటర్వ్యూలో ఆగిపోతుంటారు. ఇంటర్వ్యూలో పదేపదే వచ్చే ప్రశ్న ఒకటే: ఈ ప్రయోగంలో కంట్రోల్ ఏది?

ల్యాబ్‌ల విషయానికొస్తే, 1992లో పుణెలో పెట్టిన ఐసీఎంఆర్ ఎయిడ్స్ పరిశోధన సంస్థ ఉంది. అదే ఊళ్లో కణాల మీద పరిశోధన చేసే ఎన్‌సీసీఎస్ కూడా ఉంది. ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే సంస్థలో హెచ్‌ఐవీ టీకా పరిశోధన జరిగింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో పైతొడుగు ప్రొటీన్ మీద, అక్కడే ఉన్న జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే సంస్థలో మన దేశంలో ఎక్కువగా ఉన్న సబ్‌టైప్ సీ అనే హెచ్‌ఐవీ రకం మీద పనిచేశారు. అమెరికా, ఐరోపాలో ఎక్కువగా ఉన్న సబ్‌టైప్ బీ ఎల్‌టీఆర్‌లో ఎన్ఎఫ్-కప్పాబీ అనే స్విచ్ కూర్చునే చోట్లు రెండుంటే, సీలో మూడుంటాయి. నాలుగున్నవి కూడా మన దేశంలో కనపడ్డాయని జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లో ఉదయ్‌కుమార్ రంగా బృందం చూపించింది. ఇలాంటి ప్రశ్న ఇక్కడివాళ్లే అడగాలి, ఇంకెవరికీ అంత అక్కర ఉండదు. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది, దేశం సగటు 0.21. మన దేశంలో ఈ వైరస్ జాడను మొదట పట్టింది కూడా ఒక విద్యార్థినే. 1986లో చెన్నైలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, తన గురువు డాక్టర్ సునీతి సోలొమన్ చెప్పగా రక్తనమూనాలు సేకరించి, వేలూరు తీసుకెళ్లి పరీక్ష చేసింది.

ప్రశ్న: మిర్చి తోటలో తెల్లదోమ జెమిని వైరస్‌ను మోసుకొస్తుంది కదా, మరి మామూలు దోమ హెచ్‌ఐవీని మోయదా? మా వీధిలో దోమలు ఎక్కువ.
(రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా)

జవాబు: మంచి పోలిక తెచ్చారు. తెల్లదోమ ఆకు రసం పీల్చినప్పుడు జెమిని వైరస్ దాని పేగు గోడను దాటి, ఒంట్లో తిరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. అక్కడినుంచే తర్వాతి మొక్కకు ఎక్కుతుంది. హెచ్‌ఐవీకి దోమ పేగులో ఆ దారి లేదు. కణంలోకి దూరడానికి దానికి సీడీ4 అనే గడియ, దాని పక్కన సీసీఆర్5 లాంటి ఇంకో గడియ కావాలి. దోమ కణాలకు అవి లేవు. రక్తంతోపాటు అదీ అరిగిపోతుంది. పైగా దోమ కుట్టినప్పుడు లాలాజలం ఒక గొట్టంలోంచి దిగుతుంది, రక్తం వేరే గొట్టంలోంచి ఎక్కుతుంది. ముందు మనిషి రక్తం తర్వాతి మనిషిలోకి దిగదు. మలేరియా, డెంగీల కోసం దోమతెర తప్పకుండా కట్టుకోండి.

ప్రశ్న: మా ఆసుపత్రి నుంచి పంపే వైరల్ లోడ్ నమూనాలు కొన్ని తిప్పి పంపుతున్నారు. కొన్నింటికేమో మందులు బాగా వాడేవాళ్లకు కూడా ఎక్కువ అంకె వస్తోంది.
(ల్యాబ్ టెక్నీషియన్, విజయవాడ)

జవాబు: ట్యూబు మూత చూడండి. ఊదారంగు ఈడీటీఏ ట్యూబే వాడాలి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో తీస్తే పీసీఆర్ (జన్యుపదార్థాన్ని కాపీలు చేసి లెక్కించే పద్ధతి) ఎంజైమ్ ఆగిపోతుంది. గీత దాకా నింపి 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలి హీమోగ్లోబిన్ కలుస్తుంది, అదీ పీసీఆర్‌కు అడ్డే.

ఎక్కువ అంకెకు ఒక కారణం మీ ఐస్ డబ్బాలోనే ఉండొచ్చు. ప్లాస్మా వేరుచేయని రక్తం ట్యూబును నేరుగా ఐస్ మీద పెడితే అడుగున గడ్డకడుతుంది, తెల్లకణాలు పగులుతాయి. వాటి క్రోమోజోమ్‌లో దాగిన వైరస్ డీఎన్‌ఏ బయటికొచ్చి కొన్ని పరీక్షల్లో లెక్కకు చేరుతుంది. ట్యూబుకు, ఐస్‌కు మధ్య అట్టముక్క గానీ, గుడ్డ గానీ పెట్టండి. వీలైతే తీసిన 6 గంటల్లో సెంట్రిఫ్యూజ్ చేసి, కణాల పొరకు కాస్త పైన ఆగి ప్లాస్మా తీసి వేరే ట్యూబులో గడ్డకట్టించండి. ఆ పొరను పిపెట్ తాకితే మళ్లీ అదే తప్పు. అన్నీ సరిగా చేసినా మిల్లీలీటరుకు 1,000 కాపీలు దాటితే ఆ మనిషితో మందుల గురించి కూర్చుని మాట్లాడించి, మూడు నెలలు సక్రమంగా వాడాక మళ్లీ నమూనా తీయాలి. ఒక్క అంకె చూసి మందు మార్చరు.